మిగతా గ్రాములు ఎక్కడికి పోయాయి?

నూరు గ్రాముల గ్లూకోజ్‌ను ఈస్ట్ ముందు పెట్టి, అది తన కోసం ఏమీ ఉంచుకోకుండా మొత్తం ఆల్కహాల్ చేసిందనుకుందాం. చేతికొచ్చేది 51.1 గ్రాములు. మిగిలిన 48.9 గ్రాములు కార్బన్ డయాక్సైడ్ అయి గాలిలో కలిసిపోతాయి. ఒక గ్లూకోజ్ అణువు నుంచి రెండు ఆల్కహాల్ అణువులు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే రసాయన శాస్త్రవేత్త గేలుసాక్ రాసిన లెక్క ఇది. దీన్ని దాటడం ఎవరి తరమూ కాదు. దీన్ని అందుకోవడం కూడా ఈస్ట్ తరం కాదు, ఎందుకంటే దానికీ బతుకు ఉంది.

కృష్ణా డెల్టాలోని మా చల్లపల్లి మనిషికి చెరకు, మొలాసిస్ కొత్త మాటలు కావు. ఒకవైపు లక్ష్మీపురం, ఇంకోవైపు ఉయ్యూరు. ఈ రెండు చోట్లా చక్కెర మిల్లులు లేచాకే డెల్టాలో చాలా ఇళ్లకు నెల జీతం అనే మాట తెలిసింది. నేను కూడా ఆ వరసలోనే ఒక డిస్టిలరీ ల్యాబులో చేరాను. మొలాసిస్‌లో చక్కెర ఎంతుందో చూడటం రోజువారీ పని. ఫెహ్లింగ్ ద్రావణం మరుగుతుంటే బ్యూరెట్ నుంచి చుక్క చుక్క వదలాలి. నీలం విరిగి ఇటుక ఎరుపు తేలగానే చెయ్యి ఆపాలి. చక్కెర ఇంత వెళ్లింది, ఆల్కహాల్ ఇంత వచ్చింది, తేడా ఇంత. ఆ తేడాకు ఎదురుగా షీటులో ‘నష్టం’ అని రాసి సంతకం పెడితే షిఫ్టు అయిపోయినట్టే.

ఆ గడి దగ్గర ఆగకుండా ‘నష్టం అంటే ఏమిటి, ఆ గ్రాములు ఏ రూపంలో ఉన్నాయి, ఎందుకలా అయ్యాయి’ అని జీవితమంతా అడిగినవాళ్లు కొందరున్నారు. సూక్ష్మజీవుల జీవక్రియను కొత్త దారి పట్టించే మెటబాలిక్ ఇంజనీరింగ్, కణాన్ని మొత్తంగా చూసే సిస్టమ్స్ బయాలజీ వాళ్ల రంగాలు. ఈ వారం వాళ్ల పనితనం గురించి రాస్తున్నాను. నేను చూసినంతలో ఆ పనికి ప్రాణం జన్యువును కత్తిరించే చాకచక్యంలో లేదు, లెక్క ఎగ్గొట్టని నిజాయితీలో ఉంది.

ఆ తేడాలో కొంత గ్లిసరాల్, కొంత సక్సినిక్ ఆమ్లం ఉన్నాయని 1860 ప్రాంతంలోనే పాశ్చర్ చూపించాడు. మరి ఈస్ట్ గ్లిసరాల్ ఎందుకు చేస్తుంది? పొరపాటున కాదు. చక్కెరతో తన ఒళ్లు పెంచుకునేటప్పుడు దానికి కొన్ని ఎలక్ట్రాన్లు మిగిలిపోతాయి. వాటిని ఎన్.ఎ.డి. అనే అణువు మోస్తుంది. ఆ మోసే అణువులు కణంలో కొద్దిగానే ఉంటాయి, మోసిన బరువు ఎక్కడో ఒకచోట దించితేనే మళ్లీ పనికొస్తాయి. గాలి తగిలితే ఆక్సిజన్‌కు అప్పగిస్తాయి. మూత వేసిన ట్యాంకులో ఆ వీలు లేదు. అందుకని కొంత చక్కెరను గ్లిసరాల్‌గా మార్చి, ఆ బరువును అందులోకి దించుతుంది ఈస్ట్. మేం నష్టం అని రాసింది దాని బతుకుదెరువు ఖర్చు.

ఇది తెలియకుండా గ్లిసరాల్ దారిని మూసేస్తే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో జాక్ ప్రాంక్ బృందం 2010లో చూపించింది. గ్లిసరాల్ తయారీకి కావలసిన రెండు జన్యువులను వాళ్లు తీసేశారు. గాలి లేనిచోట ఈస్ట్ ఎదగడమే మానేసింది. అప్పుడు ఇ. కోలి బాక్టీరియా నుంచి ఒక జన్యువు తెచ్చి ఈస్ట్‌లో పెట్టి, దానికి కాస్త ఎసిటిక్ ఆమ్లం అందించారు. ఆ ఆమ్లం ఆల్కహాల్‌గా మారే క్రమంలో మిగులు ఎలక్ట్రాన్లను తీసుకుంది. ఈస్ట్ మళ్లీ పెరిగింది, గ్లిసరాల్ చుక్క లేకుండా. ఇందులో ఇంకో లాభం ఉంది. గడ్డి, పిప్పి వంటివాటిని విడగొట్టి చక్కెరలు తీసినప్పుడు ఎసిటిక్ ఆమ్లం ఎటూ వచ్చి పడుతుంది, అది ఈస్ట్‌కు కిట్టదు. కిట్టనిదాన్నే ఇక్కడ ఆహారంలో కలిపారు. మొదటిసారి ఆ పరిశోధన గురించి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. కణానికి ఉన్న అవసరాన్ని కొట్టిపారేయకుండా, ఆ అవసరం తీరే ఇంకో దారి చూపించారు. అసలైన ఇంజనీరింగ్ అంటే అదే.

మెటబాలిక్ ఇంజనీరింగ్ అనే పేరు స్థిరపడింది 1991లో. ఆ ఏడాది ‘సైన్స్’ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి జేమ్స్ బెయిలీది. కణం లోపలి రసాయన మార్గాలను మార్చడం ఇక చేతి నేర్పు పనిగా ఉండకూడదని, దానికో శాస్త్రం కావాలని ఆయన వాదించాడు. రెండోది ఎం.ఐ.టి.కి చెందిన గ్రెగరీ స్టెఫానోపౌలస్, జోసెఫ్ వాలినోలది. లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని చేసే బాక్టీరియాను వాళ్లు పరీక్షించారు. కణంలో మార్గాలు చీలే కూడళ్లు కొన్ని మొండివని, అక్కడ ఒక ఎంజైమ్‌ను పెంచినంత మాత్రాన ప్రవాహం మన వైపు తిరగదని తేల్చారు.

మన డెల్టా రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయిన నాటినుంచి, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, మనవాళ్ల పోట్లాటంతా ఇదే. పులిగడ్డ అక్విడక్టు దాటి నాగాయలంక, కోడూరు శివారు చేలకు నీరు ఎక్కకపోతే, ఆ శివారు తూమును వెడల్పు చేసి ప్రయోజనం ఏముంది? పైన ఎవరు ఎంత తోడుకుంటున్నారు, ఏ లాకు దగ్గర మట్టం ఎంత, వంతులు ఎలా వేశారు అన్నది చూడాలి. కాలువ మొత్తం తెలిసిన లస్కరు మాట చెల్లినట్టు ఒక్క తూము తెలిసినవాడి మాట చెల్లదు. కణంలోనూ అంతే. చివరి ఎంజైమ్‌ను పదింతలు చేసి కూర్చుంటే పదింతల సరుకు రాదు.

మరి కణం కాలువ మొత్తాన్ని చూసేదెలా? ఆ పనికి జీవితాన్ని ఇచ్చినవాడు ఐస్‌లాండ్‌లో పుట్టి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో పనిచేసిన బెర్న్‌హార్డ్ పాల్సన్. ఇ. కోలి జన్యుపటం 1997లో పూర్తయింది, సుమారు 46 లక్షల అక్షరాలు. దాన్ని ముందు పెట్టుకుని, ఏ జన్యువు ఏ ఎంజైమ్‌ను చేస్తుంది, ఏ ఎంజైమ్ ఏ పదార్థాన్ని దేనిగా మారుస్తుంది అని వరసగా పట్టీ రాసుకుంటూ పోయారు. 2000 నాటికి ఇ. కోలి జీవక్రియ మొత్తానికి ఒక గణిత నమూనా సిద్ధమైంది. 2011లో వచ్చిన దాని తర్వాతి రూపంలో 1,366 జన్యువులు, 2,251 చర్యలు ఉన్నాయి. సూత్రం మాత్రం హైస్కూలు పిల్లలకు అందేంత సరళం. కణం స్థిరంగా నడుస్తున్నప్పుడు లోపల ప్రతి పదార్థమూ ఎంత పుడుతుందో అంతే ఖర్చవ్వాలి. ఆ షరతు తప్పకుండా కణం ఎంత వేగంగా పెరగగలదో కంప్యూటర్ లెక్క కట్టి చెబుతుంది.

లెక్క చెప్పింది కణం వింటుందా? 2002లో పాల్సన్ బృందం ‘నేచర్’లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నకు నేను చూసిన అందమైన జవాబు. ఇ. కోలికి ఆహారంగా గ్లిసరాల్ ఇచ్చారు. నమూనా చెప్పిన వేగం కంటే బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరిగింది. ఇంకెవరైనా అయితే నమూనా తప్పని పక్కన పెట్టేవాళ్లు. వీళ్లు ఆ బాక్టీరియాను అదే ఆహారం మీద తరం తర్వాత తరం పెంచుతూ పోయారు. నలభై రోజులు, ఏడు వందల తరాల దగ్గరకొచ్చేసరికి బాక్టీరియా తనను తాను మార్చుకుని, లెక్క చెప్పిన వేగానికి చేరుకుంది. లెక్క తప్పలేదు, ఆ ఆహారం మీద బతకడం బాక్టీరియాకు అప్పటికి సరిగా అలవాటు కాలేదు, అంతే. ఇలా ప్రతిసారీ జరగదు. ఏ ఎంజైమ్ ఎంత ఉందో, కణం ఎప్పుడు ఏ జన్యువును అణచిపెడుతుందో ఈ రకం నమూనాకు తెలియదు. అందుకే నమూనాకూ పరీక్షనాళికకూ మధ్య ఏళ్ల తరబడి తిరగగలిగినవాళ్లే ఈ రంగంలో నిలబడతారు.

ఇలాంటి ప్రతి నమూనాలోనూ ఏటీపీకి ఒక వరస ఉంటుంది. కణం తిన్నది శక్తిగా మారి చెలామణి అయ్యేది ఆ అణువు రూపంలోనే. ఆ వరస చూసినప్పుడల్లా నాకు కొల్లేటికి ఆవలి భీమవరం గుర్తొస్తుంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించాడు. నీలిరంగు ఎంత చిక్కగా తేలిందో చూసి ఫాస్ఫరస్ ఎంతుందో చెప్పే పద్ధతి అది. కండరంలో ఫాస్ఫరస్ లెక్క కుదరక, ఆ తేడాను వెంటాడుతూ పోయి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. సుబ్బారావు ఎక్కడా జన్యువును ముట్టుకోలేదు, అప్పటికి ఆ వీలు లేదు. కానీ ఈ రంగానికి కావలసిన గుణం ఆయనలో నిండుగా ఉంది. ముందు నమ్మదగిన కొలత, తర్వాత కొలతకు లొంగని తేడా, ఆ తేడాలోంచి కొత్త పదార్థం.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కక ఆయన లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లాడు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పనిలో సూక్ష్మజీవులు రెండు పాత్రలు పోషించాయి. ఆ విటమిన్ ఉంటేనే పెరిగే లాక్టోబాసిలస్ కేసీ అనే బాక్టీరియా ఎంత పెరిగిందో చూసి విటమిన్ ఎంతుందో తేల్చేవాళ్లు. అంటే బాక్టీరియానే కొలమానం. విటమిన్‌ను కాలేయం నుంచే కాక, ఇంకో బాక్టీరియాను పులియబెట్టిన ద్రవం నుంచి కూడా వేరుచేశారు. అంటే బాక్టీరియానే ఫ్యాక్టరీ. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. దాని పనికి అడ్డుపడే మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు చికిత్స చేసి, ఫలితాలను 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

ఆ దారి ఇప్పటికీ ఆగలేదు. ఆంధ్రదేశంలో మూలాలున్న వంశీ మూతా హార్వర్డ్‌లో మైటోకాండ్రియా మీద పనిచేస్తున్నాడు. ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియాయే మన కణాల్లో మైటోకాండ్రియాగా స్థిరపడింది. అందులోకి కాల్షియం వెళ్లే దారి ఉందని దశాబ్దాలుగా తెలుసు, ఆ దారిని కట్టే ప్రోటీన్ ఏదో మాత్రం చాలాకాలం తెలియలేదు. కొన్ని పరాన్నజీవుల్లో ఆ దారి ఉంది, మన ఈస్ట్‌లో లేదు. ఏ జన్యువులు అక్కడ ఉండి ఇక్కడ లేవు అన్న జాడ పట్టుకుని వెతికి, 2011 నాటికి ఆ ప్రోటీన్‌ను గుర్తించారు. 2016లో మూతా బృందం లాక్టోబాసిలస్ బ్రెవిస్ అనే బాక్టీరియా నుంచి ఒక ఎంజైమ్‌ను తెచ్చి మనిషి కణాల్లో పెట్టింది. అది చేసేది ఒకటే, ఎన్.ఎ.డి. మీది ఎలక్ట్రాన్ల బరువు దించడం. ట్యాంకులో ఈస్ట్‌కు వచ్చిన ఇబ్బందే మైటోకాండ్రియా దెబ్బతిన్న మనిషి కణానికీ వస్తుంది. డెల్ఫ్ట్‌లో ఆల్కహాల్ కోసం కట్టిన లెక్కే బోస్టన్‌లో జబ్బును అర్థం చేసుకోవడానికి పనికొచ్చింది. మూలం తెలిస్తే శాస్త్రం ఎంత దూరం పాకుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక మన పొలాల సంగతి. మామూలు ఈస్ట్‌కు ఆరు కార్బన్ల చక్కెరలే రుచి. చెరకు పిప్పిలో, వరిగడ్డిలో ఉండే జైలోజ్‌లో ఐదే కార్బన్లు, దాన్ని అది ముట్టదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లోనీ ఇంగ్రామ్ ఈ చిక్కును ఇంకో వైపు నుంచి విప్పాడు. ఇ. కోలి జైలోజ్‌ను ఇష్టంగా తింటుంది కానీ రకరకాల ఆమ్లాలు చేస్తుంది. జైమోమోనాస్ అనే బాక్టీరియా ఆల్కహాల్ చేయడంలో దిట్ట, కానీ జైలోజ్ తినదు. ఈ రెండోది తాటిజాతి చెట్ల కల్లులో కనబడేదే. దాని జన్యువులు రెండింటిని ఇంగ్రామ్ ఇ. కోలిలో పెట్టాడు. గడ్డి చక్కెర నుంచి ఆల్కహాల్ వచ్చింది. 1991 మార్చిలో అమెరికా ఇచ్చిన 50 లక్షలవ పేటెంటు దీనిదే. కోతలయ్యాక డెల్టాలో గడ్డి తగలబడుతున్నప్పుడు ఆ పొగలో పోతున్నది ఈ చక్కెరే అని నేను ఎవరికి చెప్పినా నమ్మరు.

జన్యువు పెట్టగానే కథ సుఖాంతం అయిపోదు. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు ముందటి పదార్థాన్ని ఈస్ట్‌తో చేయించామని జే కీస్లింగ్ బృందం 2006లో ప్రకటించినప్పుడు వచ్చింది లీటరుకు 100 మిల్లీగ్రాముల వరకే. లీటరుకు 25 గ్రాములు వచ్చింది 2013లో. మధ్యలో జరిగిన పనిలో నన్ను కట్టిపడేసిన విషయం ఒకటుంది. ఒక కీలక ఎంజైమ్‌కు ఎలక్ట్రాన్లు అందించే తోడు ప్రోటీన్ ఎక్కువై కణాలు నీరసించిపోతున్నాయని గమనించి, దాన్ని పెంచడానికి బదులు తగ్గించారు. కణాలు కోలుకున్నాయి. ఎక్కువ పెడితే ఎక్కువ వస్తుందనే తొందర ఈ పనిలో చెల్లదు. అంతా అయ్యాక, మొక్క నుంచి తీసే మందే చవగ్గా దొరకడంతో ఈ ఈస్ట్ మందు బజారులో నిలబడలేకపోయింది. అయినా ఆ ఏళ్లు వృథా అని నేను ఒప్పుకోను. ఆ ఈస్ట్‌తో నేర్చుకున్న పాఠాలు తర్వాత ఎన్నో పదార్థాల తయారీకి పునాది అయ్యాయి.

ఇక్కడ మా ఊరి పేరుతోనే ఉన్న ఒక తీర్పు చెప్పాలి. చల్లపల్లి షుగర్స్ కేసు దేశంలో చార్టర్డ్ అకౌంటెన్సీ చదివే ప్రతివాళ్లకూ తెలుసు. ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలవకముందు, యంత్రాల కోసం తెచ్చిన అప్పు మీద కట్టిన వడ్డీ కూడా ఆ యంత్రాల అసలు ఖరీదులో భాగమేనని 1974లో సుప్రీంకోర్టు తేల్చింది. పరిశోధకుడి జీవితానికి కూడా నేను ఇదే న్యాయం అడుగుతాను. మొదటి గ్రాము చేతికి రాకముందు గడిచిన ఏళ్లు ఆలస్యం కిందకి రావు. ఆ గ్రాము అసలు ఖరీదులో అవీ భాగమే.

తెలుగు నేల మీద సూక్ష్మజీవులతో పెద్ద పని జరగదని అనుకోవద్దు. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో పికియా అనే ఈస్ట్‌తో హెపటైటిస్ బి టీకా తయారుచేసి విడుదల చేసింది, దాంతో ఆ టీకా మామూలు ఇళ్లకు అందుబాటులోకి వచ్చింది. బెజవాడలో, బందరులో, గుంటూరులో బయోటెక్నాలజీ చదివే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. సాఫ్ట్‌వేర్ ముట్టుకునే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఒక గ్లూకోజ్ అణువును ఈస్ట్‌లోకి పంపి, కార్బన్ ఎటు పోయింది, ఎలక్ట్రాన్లు ఎక్కడ దిగాయి, ఏటీపీ ఎంత మిగిలింది అని చేత్తో లెక్క కట్టండి. మూడు పద్దులూ సరిపోయిన రోజున ఈ శాస్త్రం మీకు సొంతమవుతుంది. లెక్చరర్లు ఈ ఒక్క లెక్కకు ఒక పీరియడ్ మొత్తం ఇచ్చినా సిలబస్‌కు ఏ లోటూ రాదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మన ఇళ్లలో, చుట్టాల్లో పరిశోధన చేస్తున్న పిల్లలు ఎంతోమంది ఉన్నారు. పండక్కి ఇంటికొస్తే ‘ఇంకా ఎన్నేళ్లమ్మా ఈ చదువు?’ అని అడుగుతాం. ఆ ప్రశ్న మానేద్దాం. ‘ఇప్పుడు దేని వెంట పడ్డావు, ఇంతవరకు ఏం తేలింది?’ అని అడుగుదాం. వాళ్లు చెప్పేది అర్థమయ్యేదాకా కూర్చుని విందాం.